బయట – ఫ్యాక్టరీ గేటు – రాత్రి

హంసవేణక్క నా స్క్రిప్టును
ఆకుపచ్చ పెన్నుతో దిద్ది ఇచ్చింది.
ఎర్రదైతే ఏడుస్తావని, అంది.

పద్నాలుగు పేజీలు.
సినిమా ఏడు నిమిషాలు దాటకూడదు,
పేజీకొక నిమిషమని సార్ లెక్క.
మిగతా ఏడూ ఎవరి చేన్లో ఆరేస్తావే?

బాలాజీ కాలనీలో జిరాక్సు అంగడి.
పదిన్నరకు షట్టరు దించేస్తారు.
గుణశేఖరన్న కంప్యూటరు ముందర కూర్చోని
మొదట చేసిన పని, అక్షరాలు చిన్నవి చేయడం.
కథంతా ఏడు పేజీల్లో పట్టేసింది
బెల్లానికి పట్టిన చీమల మాదిరి.
రెండో పేజీ అంచున అక్క ముందే రాసి పెట్టింది:
అక్షరం చిన్నదైతే నిమిషం చిన్నది కాదు.

మళ్ళీ పెద్దవి చేసినాను.

సార్ ఇచ్చిన నమూనా ఇంగ్లీషుది.
ఆ అక్షరాలన్నీ ఒకే వెడల్పు,
ప్రార్థనకు నిలబడిన పిల్లకాయల వరస.
మన 'ర' ఒక అడుగేసి ఊరుకుంటుంది,
'క్ష్మి' కింది వరసలోకి కాళ్ళు చాపుకోని కూర్చుంటుంది.
ఈ లెక్క మనకు కుదరదన్నా అంటే
మీ సార్‌కు చెప్పుకో పో, అన్నాడు.

పేర్లన్నీ స్పేస్‌బార్ కొట్టి కొట్టి నడిమికి తోసుంటిని.
ఒక్క మాట తీసేసరికి
ఒకరి మాట ఇంకొకరి పేరు కిందికి జారి
వాచ్‌మన్ దొరస్వామైనాడు,
దొరస్వామి గేటుకు తాళం వేస్తున్నాడు.
గుణశేఖరన్న నవ్వి ట్యాబ్ చూపించినాడు.
"ఇది నొక్కు పాపా. పెండ్లిపత్రికలకూ ఇదే.
మామ పేరు కింద అల్లుడు పడకుండా."

ఇక అసలు పని.

'తోతాపురి కాయల ట్రాక్టరు మీద దొరస్వామి
పోయినేడాది ధర తలుచుకుంటూ కూర్చున్నాడు.'
తలుచుకోవడం మీద ఒక గీత. కెమెరాకు అగపడదు.
కూర్చున్నాడు మీద ఇంకోటి.
అయిపోయినట్టు రాయొద్దు, అవుతా ఉన్నట్టు రాయి.
సరే. కూర్చుంటాడు.
పూతలపట్టులో ఇంటికాడ పండుకొని ఉన్న మామను
లేపి మళ్ళీ ట్రాక్టరెక్కించినట్టయింది.

బ్రాకెట్లలో నా బాధలన్నీ పోయినాయి.
బాధగా. మరింత బాధగా. గొంతు పూడుకుపోయి.
ఒక్కటే మిగిల్చింది: నవ్వి.
దాని పక్కన చిన్న టిక్కు.
రేపు రా అని వాచ్‌మన్ అన్నప్పుడు
మామ నిజంగానే నవ్వినాడు. నేనా పక్కనే ఉంటిని.

'మమ్మల్ని ఎప్పుడు లోపలికి అనుమతిస్తారు?'
మీ మామ ఇట్లానే మాట్లాడతాడా?
లేదక్కా. 'ఎప్పుడబ్బా ఇడిసేది?'
మూడు మాటలు.
పేజీ నడిమధ్య సన్నగా నిలబడింది,
రెండు పక్కలా తెల్లటి జాగా వదిలి.

పదైంది.
తొమ్మిది పేజీలు. కాదు, ఎనిమిదిన్నర.

అత్త ఫోన్ తీసేసినాను.
అప్పుల మాటలు రెండు పేజీలు,
మా ఇంట్లో అందరికీ నోటికొచ్చినవే, తీసేసినాను.
కాయలు మాగిన వాసన అక్కే కొట్టేసింది,
తెరమీదికి రాదని.
దాని బదులు ఈగలు రాసినాను.
టార్పాలిన్ కింద నుంచి రసం, చుక్క చుక్కగా,
టైరు మీదికి.

ఒక్కచోట మాత్రం మాట వినలేదు.
బయట – ఫ్యాక్టరీ గేటు – మళ్ళీ రాత్రి.
'మళ్ళీ' ఎందుకు? రాత్రి అంటే చాలు, అని అక్క.
నిజమే. నియమం అదే.
కానీ ఆ రెండోది ఉత్త రాత్రి కాదు.

"షట్టరు దించతా పాపా."
ఏడు పేజీలు, నాలుగు వరసలు.
ఆ నాలుగింటికి ఇంకో కాగితం, ఇంకో రెండు రూపాయలు.
మార్జిను ఇంత జరిపితే ఏడులోనే పట్టిస్తానన్నాడు అన్న.
వద్దులేన్నా.

ఎనిమిదో పేజీ వెచ్చగా వచ్చింది చేతికి:

దొరస్వామి అరచెయ్యి చాపుతాడు.
టోకెను నెంబరు చెమటకు చెరిగిపోయి ఉంది.
పక్కనున్న పిల్ల పెన్ను తీస్తుంది.
ఇంతకుముందు రాసినచోటే రాస్తుంది.